కర్మాగారపు నేలలో కాపురములు

పటము మీద ఒక గీత జరిగిన యెడల నేల మీద ఏమి మారును? చూచువారి కన్నులకు ఏమియు మారినట్లు తోచదు. నిన్నటి ప్రహరీగోడయే నేడును నిలిచియుండును. తుప్పుపట్టిన యంత్రములును, ఎత్తైన పొగగొట్టమును నిన్నటివలెనే యుండును. కాని ఆ గీత జరిగిన మరునాడే ఆ నేల వెల రెండింతలో మూడింతలో కావచ్చును. నిన్నటివరకు మిల్లునకు మాత్రమే తగినదనబడిన చోట నేడు పది అంతస్తుల యిండ్లు లేపవచ్చును. నేల మారలేదు, నేలను గూర్చి ప్రభుత్వము చెప్పిన మాట మారినది. ఆ మాటకు ఇంతటి బలమెక్కడిది, దాని వలన లాభమెవరికి, నష్టమెవరికి అనునది విద్యార్థులు ఎరుగదగిన విషయము. ఏలయన నేడు బడిలోనున్నవారే రేపు ఇండ్లు కట్టుకొనువారు, కూలికి పోవువారు, ఓటు వేయువారు.

1. గీత ఎట్లు పుట్టినది?

మన పూర్వుల ఊళ్లలో పనియు కాపురమును కలిసియే యుండెడివి. మగ్గము ఇంటిలో నుండెను. కుమ్మరి ఆవము పెరటిలో నుండెను. చెరకు గానుగ తోట గట్టుననే తిరిగెను. కాణిపాకము చుట్టునున్న పల్లెలలో బెల్లము వండు పొయ్యి పొగ ఎవ్వరికిని బాధగా నుండలేదు. అది కొన్నినెలల పని.  ఆవిరి యంత్రములును, రసాయనములును వచ్చిన పిమ్మట ఆ పద్ధతి చెల్లలేదు. రేయింబవళ్లు మ్రోగు యంత్రమునకును, నిద్రించు శిశువునకును ఒకే గోడ అడ్డమైనచో శిశువునకే నష్టము.

అందువలన పట్టణములను భాగములుగా విభజించి, ఇచట ఇండ్లు, ఇచట అంగళ్లు, ఇచట కర్మాగారములు అని నిర్ణయించు పద్ధతి పుట్టినది. ఒక్కొక్క భాగమును జోను అందురు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరము 1891లోను, అమెరికాలోని న్యూయార్కు 1916లోను ఇట్టి విభజన చేసినవి. ఒకని సొంత భూమిని ఎట్లు వాడుకొనవలయునో చెప్పుటకు ఊరికి హక్కున్నదా యని వ్యాజ్యము రాగా, 1926లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము ఒహాయో రాష్ట్రములోని యూక్లిడ్ అను చిన్న ఊరి పక్షమున తీర్పు చెప్పినది. మన చిత్తూరు జిల్లా అప్పుడు చేరియుండిన చెన్నపురి రాజధానిలో 1920లో పట్టణ ప్రణాళికా చట్టము వచ్చినది. దానికి ముందే స్కాట్లండు దేశీయుడగు పాట్రిక్ గెడ్డెసు 1914-15లో ఈ రాజధానిలోని పట్టణములు కొన్నిటిని తిరిగి చూచి నివేదికలు వ్రాసెను. కొలబద్దతో వీథులను తిన్నగా చేయుటకు ముందు అచట నివసించువారి బ్రదుకును తెలిసికొనవలయునని ఆయన మతము.

ఈ గీత యొక్క ఆవశ్యకత నేటికిని తీరలేదు. విశాఖపట్టణమున ఆర్.ఆర్. వేంకటాపురము చెంతనున్న పాలిమర్సు ఫ్యాక్టరీ 1961లో స్థాపింపబడినది. కాలక్రమమున ఇండ్లు దాని గోడల దాపునకు వచ్చి చేరినవి. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున ఆ ఫ్యాక్టరీ తొట్టి నుండి స్టైరీన్ వాయువు వెలువడి, నిద్రలోనున్నవారిని క్రమ్ముకొనెను. పన్నెండుగురు మరణించిరి; వందలకొలది జనులు ఆసుపత్రుల పాలైరి. కర్మాగారమునకును కాపురమునకును నడుమ ఖాళీనేల ఎందుకు విడువవలయునో ఆ ఒక్క ఉదయము చెప్పినంతగా ఏ గ్రంథమును చెప్పజాలదు.

2. గీతను జరుపవలసిన కాలము

అయినను గీసిన గీత శాశ్వతము కాదు. ఊరు పెరుగును. ఊరి వెలుపల నెలకొల్పిన ఫ్యాక్టరీ ముప్పది యేండ్లకు ఊరి నడుమకు వచ్చును. ఫ్యాక్టరీ కదలకున్నను ఊరే దాని యొద్దకు నడచి వచ్చును.

హైదరాబాదు నగరము ఇందుకు ఉదాహరణము. 1908 సెప్టెంబరులో మూసీనది వరద నగరమును ముంచిన పిదప, 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి వీథులను, ఇండ్లను క్రొత్తగా తీర్చెను. నిజాము పాలన కాలముననే ఆజమాబాదులో కర్మాగారములకొరకు ఒక ప్రత్యేక ప్రాంతము ఏర్పడినది. 1942లో ఆల్విన్ సంస్థ పుట్టినది. స్వాతంత్ర్యానంతరము సనత్‌నగరు, బాలానగరు, ఉప్పల్, నాచారము, మౌలాలి, కాటేదాను, జీడిమెట్ల మొదలగు పారిశ్రామిక వాడలు వెలసినవి. పరిశ్రమలు రావలయునని, కూలివానికి పని దొరకవలయునని ప్రభుత్వము ఆ భూములను తక్కువ వెలకు ఇచ్చెను. ఈ మాటను గుర్తుంచుకొనుడు. ముందు దీనితో పని గలదు.

నేడు ఆ వాడలన్నియు నగరగర్భమున నున్నవి. నగరము చుట్టును 158 కిలోమీటర్ల వలయరహదారి వచ్చినది. కొన్ని ఫ్యాక్టరీలు మూతపడినవి. కొన్ని పొగ విడుచుచునే యున్నవి. ఈ స్థితిలో తెలంగాణ ప్రభుత్వము 2025 నవంబరులో ఒక విధానమును ప్రకటించినది. ఇరువదిరెండు పారిశ్రామిక వాడలలోని సుమారు 9,292 ఎకరముల నేలను ఇండ్లకు, అంగళ్లకు, కార్యాలయములకు, బడులకు, ఆసుపత్రులకు వాడుకొనవచ్చుననియు, అట్లు మార్చుకొనువారు రిజిస్ట్రేషను విలువలో నూటికి ముప్పది వంతున, ఎనుబది అడుగులు మొదలు అంతకు మించిన వెడల్పుగల రోడ్డు ప్రక్కనున్నచో నూటికి ఏబది వంతున రుసుము చెల్లింపవలయుననియు దాని సారాంశము.

దీనిపై వాదములు చెలరేగినవి. కాలుష్యము నగరమును విడిచిపోవుననియు, వ్యర్థముగా పడియున్న నేల పనికి వచ్చుననియు ప్రభుత్వపక్షము వారనిరి. ప్రజలు చౌకగా ఇచ్చిన భూమి కొందరికి గొప్ప లాభమగుచున్నదని ప్రతిపక్షము వారనిరి. వివాదము రాష్ట్ర ఉన్నత న్యాయస్థానము వరకు పోయినది. రాజకీయ పక్షములలో ఎవరు గెలిచిరని చెప్పుట ఈ వ్యాసము పని కాదు. ఏ ప్రభుత్వమైనను, ఏ ఊరైనను, ఇట్టి గీతను జరుపునప్పుడు మూడు లెక్కలు తేల్చుకొనవలయును. మొదటిది నేల లెక్క, రెండవది కూలివాని లెక్క, మూడవది విలువ లెక్క. ఈ మూడింటిలో ఒకటి తప్పినను ఆ కట్టడమునకు పునాది లేనట్లే.

3. నేల లెక్క

ఫ్యాక్టరీ పోయినను దాని విషము వెంటనే పోదు. రంగులు, తోళ్లు, మందులు, లోహపు పూతలు తయారుచేయు చోట్ల సీసము, క్రోమియము, కరిగించు ద్రవములు మొదలగునవి మట్టిలో దిగి, క్రమముగా నూతినీటిలో చేరును. కొన్ని ద్రవములు ఆవిరియై పైన కట్టిన యింటి నేలపగుళ్ల గుండ లోనికి వచ్చును. కంటికి కనబడదు, వాసనయు ఎల్లప్పుడు తెలియదు.

అమెరికాలో నయాగరా జలపాతము చెంత లవ్ కెనాల్ అను పాడుబడిన కాలువ యుండెను. 1942 మొదలు 1953 వరకు ఒక రసాయనముల సంస్థ అందు విషద్రవ్యములను పూడ్చి, పైన మట్టి కప్పి, 1953లో ఆ నేలను అచటి పాఠశాలా మండలికి ఒకే ఒక్క డాలరునకు విక్రయించినది. దానిపై బడి కట్టిరి. చుట్టును ఇండ్లు లేచినవి. సుమారు ఇరువదియైదు సంవత్సరములకు విషము నేలమాళిగలలోనికి ఊరెను. 1978లో ఆ బడిని మూసి, వందలాది కుటుంబములను అచటినుండి తరలింపవలసి వచ్చెను. ఒక డాలరునకు వచ్చిన నేలను శుభ్రపరచుటకు కోట్లాది డాలర్లు వ్యయమైనవి. చౌకగా వచ్చినది చౌక కాదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

మన దేశములోను ఇట్టి పాఠము లేకపోలేదు. హైదరాబాదు చెంతనున్న పటాన్‌చెరు ప్రాంతమున మందుల ఫ్యాక్టరీల మురుగునీరు వాగులను, చెరువులను, పొలములను చెరచెనని 1990లో సర్వోన్నత న్యాయస్థానమున వ్యాజ్యము దాఖలై, ఏండ్ల తరబడి నడచినది.

కావున ఇండ్లకు అనుమతి ఇచ్చుటకు ముందు చేయవలసిన పని స్పష్టము. ఆ చోట ఇదివరలో ఏమి తయారైనదో పాత కాగితముల నుండి తెలిసికొనవలెను. పలుచోట్ల రంధ్రములు త్రవ్వి, వేర్వేరు లోతుల మట్టిని, నీటిని పరీక్షింపవలెను. దోషమున్నచో చెడిన మట్టిని తీసివైచుటయో, శుద్ధిచేయుటయో జరుగవలెను. ఆ ఖర్చు చెరచినవాడు భరింపవలెను గాని, తన జీవితమునంతయు కూడబెట్టి యిల్లు కొనుక్కొనువాడు కాదు.

పొగ నగరమును విడిచిపోవుననునప్పుడు అది ఎచటికి పోవునో కూడ అడుగవలయును. నగరపు పొలిమేరనున్న పాశమైలారమున 2025 జూన్ 30వ తేదీ ఒక మందుల ఫ్యాక్టరీలో జరిగిన ప్రేలుడున నలువదిమందికి పైగా పనివారు మరణించిరి. ఫ్యాక్టరీని దూరముగా పంపినంత మాత్రమున అది నిరపాయమగుట లేదు. నగరవాసి ఊపిరి ఎంత విలువైనదో పల్లెవాసి ఊపిరియు అంతే విలువైనది.

4. కూలివాని లెక్క

ఈ లెక్కకు బొంబాయి నగరమే పాఠ్యపుస్తకము. ఆ నగర మధ్యమున ఏబదికి మించిన నూలుమిల్లులు దాదాపు ఆరువందల ఎకరముల నేలలో నుండెడివి. వానిలో పనిచేసినవారు మహారాష్ట్రులే కాదు. తెలంగాణ జిల్లాల నుండి మగ్గము విడిచి పోయిన పద్మశాలీలు వేలకొలది అచట చేరిరి. వర్లీ, లోయర్ పరేల్ వంటి పేటలలో తెలుగు మాట వినబడుట అందువలననే. ఒక్క గదిలో పదిమంది నివసించు చాళ్లు వారి కాపురములు.

1982 జనవరి 18వ తేదీ దత్తా సామంతు నాయకత్వమున సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు సమ్మె కట్టిరి. ఆ సమ్మె అధికారికముగా ఎన్నడును ముగియలేదందురు, మిల్లులే ముగిసినవి. 1991లో ప్రభుత్వము ఒక నియమము చేసెను. మిల్లు భూమిని వేరు పనికి మార్చునప్పుడు మూడింట ఒక వంతు ఊరికి తోటలు, మైదానములకును, మరియొక వంతు బీదలకును పనివారికిని ఇండ్లు కట్టు ప్రభుత్వ సంస్థకును ఇచ్చి, మిగిలిన వంతు యజమాని యుంచుకొనవలెనని దాని భావము. వినుటకు న్యాయముగా నున్నది గదా! కాని 2001లో ఆ నియమమును సవరించిరి. మిల్లు కట్టడములున్న నేలను విడిచి, మొదటినుండి ఖాళీగానున్న నేలలోనే ఊరికి వంతు అని తేల్చిరి. ఖాళీనేల కొంచెమే గనుక ఊరి వంతు మిక్కిలి తగ్గిపోయెను. 2006లో సర్వోన్నత న్యాయస్థానము ఆ సవరణను సమర్థించినది. నేడు ఆ చోట్ల అద్దాల మేడలును, పెద్ద అంగళ్లును ఉన్నవి. మిల్లు కార్మికులకు 2012 మొదలుకొని చీట్లు తీసి ఇండ్లు ఇచ్చుచు వచ్చిరి; అర్జీలు లక్షన్నరకు మించగా మొదటిసారి ఇచ్చినవి ఏడువేల లోపే. ఒక్క వాక్యములోని ఒక్క పదము మారినందున ఎన్ని కుటుంబముల యిల్లు చేజారెనో ఆలోచింపుడు. వ్యాకరణము పరీక్షలకొరకే యని తలచు విద్యార్థులు ఈ సంగతిని గమనింతురు గాక.

మనకు దగ్గరి ఊళ్లలోను ఇదే కథ. చెన్నపట్టణమున పెరంబూరు ప్రాంతములోని బకింగ్‌హాం, కర్ణాటిక్ మిల్లులు పందొమ్మిదవ శతాబ్దిలో పుట్టినవి. 1918లో ఏర్పడిన మద్రాసు కార్మిక సంఘమునకు ఆ మిల్లు పనివారే మూలము. 1996లో ఆ మిల్లులు మూతపడినవి. ఆ నేలపై నేడు ఎత్తైన నివాసభవనములు గలవు. ఓరుగంటిలో 1934లో స్థాపింపబడిన ఆజంజాహి మిల్లు మూతపడిన తరువాత దాని భూమిలోను ఇండ్లస్థలములు వేసిరి. ఆ మిల్లులో పనిచేసినవారు తమకును స్థలములు కావలయునని ఏండ్ల తరబడి అడిగిరి.

ఇండ్లు లేచుట చెడ్డది కాదు. కాని మిల్లు కూతకు లేచి, మిల్లు కూతకు నిద్రించి, ఆ నేల విలువను తన చెమటతో పెంచినవాడు ఆ నేలపై లేచిన యింటిని వీథిలో నిలిచి చూడవలసి వచ్చినచో ఆ ప్రణాళికలో లోపమున్నది. ఇండ్లకు అనుమతి ఇచ్చు కాగితముననే పనివారి యిండ్ల సంఖ్యయు, వాని గడువును వ్రాసియుండవలెను. తరువాత చూతమనిన మాట తరతరములకు తీరదు.

5. విలువ లెక్క

ఇక గణితము. ఈ క్రింది అంకెలు లెక్క తెలియుటకు కల్పించినవే గాని ఏ ఊరివియు కావు.

ఒక ఎకరమునకు 4,840 చదరపు గజములు. ఫ్యాక్టరీ నేలగా నున్నప్పుడు గజము అంగడి వెల రూ. 25,000 అనుకొందము. ఇండ్లకు అనుమతి వచ్చినంతనే అది రూ. 60,000 అయ్యెను. పెరుగుదల గజమునకు రూ. 35,000, ఎకరమునకు రూ. 16,94,00,000. యజమాని ఒక ఇటుక కూడ పెట్టలేదు. ఈ పెరుగుదలను పుట్టించినది చుట్టునున్న రోడ్లు, నీరు, దీపములు, జనసమ్మర్దము, పటము మీది క్రొత్త గీత. అనగా ప్రజలే.

ప్రభుత్వము రిజిస్ట్రేషను విలువలో నూటికి ముప్పది పుచ్చుకొనుననుకొందము. రిజిస్ట్రేషను విలువ గజమునకు రూ. 20,000 అయినచో రుసుము రూ. 6,000, ఎకరమునకు రూ. 2,90,40,000. ఇది పెరుగుదలలో ఆరవ వంతు కంటె కొంచెమే హెచ్చు. అదే రిజిస్ట్రేషను విలువ రూ. 50,000గా నున్నచో, అదే నూటికి ముప్పది చొప్పున ఎకరమునకు రూ. 7,26,00,000 వచ్చును, అనగా పెరుగుదలలో ఏడింట మూడు వంతులు. వడ్డీ లెక్కలో వలెనే ఇచటను నూటికెంత అనుట సగము మాట. దేనిలో నూటికెంత అనుట తక్కిన సగము. వార్తాపత్రికలో నూటికి ముప్పది, నూటికి ఏబది అని చదివినప్పుడు వెంటనే ఈ రెండవ ప్రశ్న వేయుట అలవరచుకొనుడు.

పరిశ్రమ కొరకని, పని కల్పింతుననిన వాగ్దానముపై తక్కువ వెలకు పొందిన భూమి విషయమున ఈ లెక్క మరింత గట్టిగా చూడవలసియున్నది. లేనిచో అది అత్త సొమ్ము అల్లుడు దానము చేసినట్లగును. అయితే రుసుమును మితిమీర పెంచినను మేలు కాదు. యజమాని భూమిని మార్చక తాళము వేసియుంచును. లేదా ఆ భారమును ఇల్లు కొనువాని నెత్తిన వేయును. కావలసినది న్యాయమైన పాలు. ఆ పాలు డబ్బుగానే కాక తోటగా, బడిగా, చవుక యిండ్లుగా ఆ పేటకే తిరిగి రావలెను.

6. మన జిల్లా సంగతి

ఇదంతయు మహానగరముల గొడవ యని కాణిపాకము విద్యార్థి తలపరాదు. చిత్తూరు సహకార చక్కెర ఫ్యాక్టరీయు, రేణిగుంట చెంత గాజులమండ్యమునగల శ్రీ వేంకటేశ్వర సహకార చక్కెర ఫ్యాక్టరీయు చెరకు ఆడుట మానినవి. ఆ ఫ్యాక్టరీలకు చెరకు తోలిన రైతుల మనుమలు మన తరగతులలో గలరు. చిత్తూరు చుట్టును మామిడిగుజ్జు ఫ్యాక్టరీలు గలవు. ఊరు వాని వైపు పెరుగుచునే యుండును. తిరుపతికి 1981 నుండియు, చిత్తూరునకు ఇటీవలి సంవత్సరముల నుండియు పట్టణాభివృద్ధి సంస్థలు గలవు. ఏ నేల దేనికో నిర్ణయించు మాస్టరు ప్లానులను చేయునవి అవియే. మూతపడిన పరిశ్రమల నేలను ఏమి చేయవలెనను ప్రశ్న నేడో రేపో మన వాకిట నిలువకపోదు.

అట్టి మార్పు చేయదలచినప్పుడు అధికారులు ప్రకటన వెలువరించి, ఆక్షేపణలు తెలుపుటకు గడువు ఇత్తురు. ఆ ప్రకటనను చదువువారు అరుదు. సర్వే నంబర్ల వరుసను చూచి పెద్దలు కాగితమును మడిచి ప్రక్కన పెట్టుదురు. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుట కంటె, గడువులోగా ఒక అర్జీ వ్రాయుట సులభము. చదువుకొన్న బాలుడో బాలికయో ఆ ప్రకటనను ఇంటిలో చదివి వినిపించిన యెడల తలిదండ్రులకు అది గొప్ప సహాయము.

విద్యార్థులారా, ఈ వేసవి సెలవులలో చేయదగిన పని యొకటి చెప్పెదను. మీ ఊరి పటము నొకటి మీరే గీయుడు. అందు కాపురములు, పొలములు, గానుగలు, మిల్లులు, చెరువులు వేర్వేరు రంగులతో గుర్తింపుడు. మూతపడిన పనిచోట్లను నల్లరంగుతో చూపుడు. పిమ్మట ఒక్కొక్క నల్లచోటును గూర్చి ఊరి పెద్దలను మూడు ప్రశ్నలు అడుగుడు: ఇచట ఏమి తయారయ్యెను? ఇచట ఎవరు పనిచేసిరి? ఈ నేల మొదట ఎవరిది, ఏ ధరకు, ఏ షరతుపై ఇచ్చిరి? వచ్చిన జవాబులను తేదీలతో వ్రాసి తెండు.

ఆ మూడు ప్రశ్నలకు జవాబులు తెలిసిన ఊరిలో గీతను ఎవరు జరిపినను చీకటిలో జరుపజాలరు.